వంటింటి పేరున్న డాక్టరు... బద్దెపురుగుల గుట్టు విప్పాడు

బద్దెపురుగు అనగానే మనకు ఒకటే పురుగు గుర్తొస్తుంది. తెల్లగా, పొడవుగా, నాడాలా ఉంటుందనీ, మాంసం తినేవాళ్లకే వస్తుందనీ, ఒక మాత్ర వేసుకుంటే పోతుందనీ అనుకుంటాం. నిజానికి ఇవి ఒక్కటి కాదు, చాలా రకాలు. పేరు ఒకటే గానీ వీటి తీరు వేరు, వచ్చే దారి వేరు, చేసే చేటు వేరు. ఒకటి పదేళ్లు పేగుల్లో ఉన్నా పెద్దగా ఇబ్బంది పెట్టకపోవచ్చు. దాని దాయాది మాత్రం మెదడులో తిత్తులు పెట్టి, నిక్షేపంగా తిరుగుతున్న మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ తెప్పించొచ్చు. మరి ఏది ఏదో తెలుసుకోకపోతే ఎలా?

ఈ తేడాలను తేల్చటానికి జీవితంలో మంచి వయసంతా ధారపోసిన వైద్యుడొకరు ఉన్నారు. ఆయన పేరు ఫ్రెడరిక్ కూకెన్‌మైస్టర్. జర్మనీ వాసి. విచిత్రమేమంటే జర్మన్ భాషలో ఆ ఇంటిపేరుకు అర్థం వంటింటి పెద్ద! మాంసం వండే తీరులోనే బద్దెపురుగు గుట్టంతా ఉందని చాటిన మనిషికి ఇంతకంటే తగిన పేరు ఇంకేముంటుంది?

చిన్న ఊరి డాక్టరు

కూకెన్‌మైస్టర్ 1821 జనవరి 22న సాక్సనీ ప్రాంతంలోని బుక్‌హైమ్ అనే పల్లెలో పుట్టారు. లైప్‌జిగ్, ప్రాగ్ నగరాల్లో వైద్యం చదివారు. 1846లో జిట్టావ్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టారు. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. చేతిలో పెద్ద ప్రయోగశాల లేదు. పగలంతా రోగుల్ని చూసుకుంటూ, మిగిలిన సమయంలో పురుగుల్ని పరిశీలించేవారు. వైద్యచరిత్రలో పెద్ద మలుపులు కొన్ని ఇలాంటి సాధారణ డాక్టర్ల చేతుల్లోనే జరిగాయి.

ఆ రోజుల్లో ఉన్న చిక్కేమిటో ముందు మీకు చెప్పాలి. కొన్ని పందుల్ని కోసినప్పుడు కండల్లో నానబెట్టిన సగ్గుబియ్యంలాంటి నీటితిత్తులు కనిపించేవి. ఈ సంగతి ప్రాచీన గ్రీకుల కాలం నుంచీ తెలిసిందే. కుందేళ్ల పొట్టలో, గొర్రెల మెదడులో కూడా ఇలాంటివే ఉండేవి. తిత్తిని నొక్కితే లోపలి నుంచి ఒక బుల్లి తల బయటికొస్తుంది. అది అచ్చం బద్దెపురుగు తలలాగే ఉంటుందని 18వ శతాబ్దంలోనే గుర్తించారు. కానీ పేగులో ఉండే పొడవాటి పురుగుకూ, కండలో ఉండే ఈ తిత్తికీ సంబంధం ఏమిటి?

నాటి పండితుల్లో చాలామంది ఈ రెండూ వేర్వేరు జీవులనే భావించేవారు. పుస్తకాల్లో వాటికి వేర్వేరు పేర్లు కూడా ఉండేవి. జీవశాస్త్రంలో పెద్దపేరున్న ఫాన్ సీబోల్డ్ ఒక మెట్టు ముందుకెళ్లి, అవి దారితప్పి చేరకూడని చోట చేరి, నీరుపట్టి పాడైపోయిన బద్దెపురుగులని చెప్పారు. ఈ మాట కూకెన్‌మైస్టర్‌కు నచ్చలేదు. దైవభక్తి గల మనిషి. సృష్టిలో ఇన్ని లక్షల జీవులు ఊరికే దారితప్పి, దండగగా పోతాయా అన్నది ఆయన సందేహం. అవి పాడైన పురుగులు కావు, ఎదగాల్సిన పిల్లలని ఆయన గట్టి నమ్మకం. నమ్మకం ఉంటే సరిపోదు కదా, రుజువు చేయాలి!

నక్కలకు, కుక్కలకు విందు

1851లో ఆయన కుందేళ్ల పొట్టలోని తిత్తుల్ని తీసి నక్కలకూ, కుక్కలకూ తినిపించారు. కొన్నాళ్ల తర్వాత వాటిని కోసి చూస్తే పేగుల్లో బద్దెపురుగులు! తిత్తిలో ఉన్నది బద్దెపురుగు పిల్లేననీ, అది ఎదగాలంటే మరో జంతువు పేగులోకి చేరాలనీ తేలిపోయింది. అంటే ఈ పురుగుకు రెండిళ్లు కావాలన్నమాట. బాల్యమంతా ఒక జంతువు కండలో, పెద్దరికమంతా దాన్ని తిన్న జంతువు పేగులో.

మరి గుడ్ల సంగతి? ఇందుకు గొర్రెలు సాయపడ్డాయి. కొన్ని గొర్రెలు తల పక్కకు వాల్చి, ఒకేవైపు గిరగిరా తిరుగుతూ, చివరికి పడి చచ్చిపోయేవి. కోసి చూస్తే మెదడులో నీటితిత్తి ఉండేది. కూకెన్‌మైస్టర్ ఆ తిత్తుల్ని కుక్కలకు తినిపించి బద్దెపురుగుల్ని పెంచారు. ఆ పురుగుల గుడ్లున్న ఖండాల్ని మళ్లీ గొర్రెలకు తినిపిస్తే, కొద్దిరోజుల్లోనే గొర్రెలు గిరగిరా తిరగటం మొదలెట్టాయి. తాను చెబితే నమ్మరేమోనని 1854లో ఆ ఖండాల్ని ఇతర దేశాల్లోని శాస్త్రవేత్తలకూ పంపారు. వాళ్లు తినిపించిన గొర్రెపిల్లల్లోనూ అదే జరిగింది. దాంతో చక్రం పూర్తయింది.

ఈ గొర్రెల కథను కాస్త గుర్తుంచుకోండి. గొర్రె మాంసం తినలేదు, గడ్డి తింది. అయినా దాని మెదడులోకి తిత్తి చేరింది. ఎలా? కుక్క మలంలోని గుడ్లు గడ్డికి అంటుకోవటం వల్ల. మనుషుల విషయంలోనూ ఈ సూత్రమే మన ఇళ్లదాకా వస్తుంది.

తల చూసి తేడా పట్టారు

అప్పట్లో మనిషి పేగుల్లో ఉండే పెద్ద బద్దెపురుగులన్నింటినీ వైద్యులు చాలావరకూ ఒకే గాటన కట్టేసేవారు. 18వ శతాబ్దంలో గోజ్ అనే జర్మన్ మతగురువు తేడా గమనించినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కూకెన్‌మైస్టర్ 1852 ప్రాంతంలో వీటిని పక్కపక్కన పెట్టి చూసి, రెండు జాతులున్నాయని స్పష్టంగా చెప్పారు.

మొదటిది పంది మాంసంతో వచ్చేది. శాస్త్రీయ నామం టీనియా సోలియం. దీని తల గుండుసూది తలంత ఉంటుంది. పేగు గోడను పట్టుకోవటానికి నాలుగు చూషకాలు, వాటికి తోడు నడినెత్తిన రెండు వరసల్లో కొక్కేలు. కిరీటం పెట్టుకున్నట్టుంటుంది. పొడవు సాధారణంగా 2 నుంచి 4 మీటర్లు. గుడ్లతో నిండిన ఖండంలో గర్భసంచి కొమ్మలు తక్కువ. మధ్య కాండానికి ఒక్కోవైపు 7 నుంచి 13 వరకూ ఉంటాయి.

రెండోది గొడ్డు మాంసంతో వచ్చేది. దీనికి చూషకాలే తప్ప కొక్కేలు లేవు. బోడితల! పొడవు మాత్రం ఎక్కువ. 4 నుంచి 10 మీటర్ల వరకూ పెరుగుతుంది. గర్భసంచి కొమ్మలు ఒక్కోవైపు 12 నుంచి 30 వరకూ, గుబురుగా ఉంటాయి. దీని ఖండాలు చురుగ్గా కదులుతాయి. మలంతోనే కాదు, వాటంతటవే మలద్వారం నుంచి పాక్కుంటూ బయటికి రాగలవు. లోదుస్తుల్లో తెల్లటి రిబ్బను ముక్కల్లాంటివి కదులుతూ కనిపించాయని భయపడుతూ వచ్చేవారిలో తరచూ కనిపించేది ఇదే.

కూకెన్‌మైస్టర్ ఈ రెండో పురుగుకు టీనియా మీడియోకానెల్లాటా అని పేరు పెట్టారు. కానీ పాత పేరుకే పెద్దపీట వేయాలన్నది శాస్త్ర నియమం. అందుకే గోజ్ పెట్టిన టీనియా సాజినాటా అన్న పేరే నేటికీ నిలిచింది. పేరు పోయినా ఆయన పట్టిన తేడా మాత్రం చెక్కుచెదరలేదు. ఇవాళ్టికీ ల్యాబ్‌లో మేం చూసేది ఆ కొక్కేలనూ, గర్భసంచి కొమ్మలనే. ఎందుకంటే ఈ రెండింటి గుడ్లూ మైక్రోస్కోపు కింద అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. గుడ్డును చూసి ఏ జాతో చెప్పటం సాధ్యం కాదు.

చీకటి అధ్యాయం

ఇక్కడి నుంచి కథ మనల్ని ఇబ్బంది పెడుతుంది. పంది కండలోని తిత్తి మనిషి పేగులో బద్దెపురుగుగా మారుతుందని రుజువు చేయాలంటే దాన్ని ఎవరో ఒకరు తినాలి. తిన్నవారి పేగును కోసి చూడాలి. కూకెన్‌మైస్టర్ మరణశిక్ష పడిన ఖైదీల్ని ఎంచుకున్నారు. 1855లో ఒక ఖైదీకి శిక్ష అమలుకు ముందు మూడు రోజుల్లో, ఆహారంలో కలిపి తిత్తుల్ని తినిపించారు. శవపరీక్షలో చిన్నపేగు గోడను పట్టుకుని 10 బుల్లి బద్దెపురుగులు కనిపించాయి. అయితే అవి మరీ చిన్నవి. విమర్శకులకు ఆ రుజువు చాల్లేదు.

అందుకే రెండోసారి ఎక్కువ గడువు ఇచ్చారు. 1859 నవంబరులో మరో ఖైదీకి 20 తిత్తులు, 1860 జనవరిలో మరో 20 తినిపించారు. మార్చి చివర్లో శిక్ష అమలైంది. తినిపించిన తిత్తుల్లో దాదాపు సగం బద్దెపురుగులుగా ఎదిగి పేగులో కనిపించాయి. కొన్ని దాదాపు 5 అడుగులు ఉన్నాయి. ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు.

శాస్త్రం గెలిచింది. మరి మనిషి? చావు ఎదురుచూస్తున్న ఖైదీ కాదనగల స్థితిలో ఉండడు. అలాంటివాడి మీద ప్రయోగం చేయటాన్ని ఆ రోజుల్లోనే ఈసడించిన వారున్నారు. నేడు ఏ నైతిక సంఘమూ దీనికి అనుమతివ్వదు. ఎలాగూ పోయే ప్రాణమే కదా అన్న వాదన వైద్యానికి చెల్లదు. రోగి అయినా, ఖైదీ అయినా, విషయం తెలిసి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ప్రయోగం. కూకెన్‌మైస్టర్ కనిపెట్టిన సత్యాన్ని మనం వాడుకుంటున్నాం. దానికి చెల్లించిన ధర తప్పేనని కూడా చెప్పుకోవాలి.

గొడ్డు మాంసం పురుగు రుజువు మాత్రం మరొకరి చేతిలో జరిగింది. లూకార్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1861లో సాజినాటా గుడ్లున్న ఖండాల్ని దూడకు తినిపించి, దాని కండల్లో తిత్తుల్ని చూపించారు. అలా కూకెన్‌మైస్టర్ తల చూసి చెప్పిన తేడా, జంతువుల విషయంలోనూ నిజమని తేలింది.

ఆ తేడా మీ ఇంటికెందుకు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సాజినాటా గుడ్లు మనిషి కడుపులోకి వెళ్లినా తిత్తులుగా మారవు. వాటికి పశువు కండే కావాలి. సోలియం గుడ్లు అలా కాదు. వాటికి పంది ఎంతో మనిషీ అంతే! గుడ్డు మన కడుపులోకి వెళితే అందులోని పిల్ల పేగు గోడను తొలుచుకుని, రక్తంలో కలిసి, కండల్లో, కంట్లో, మెదడులో తిత్తిగా స్థిరపడుతుంది. మెదడులో చేరితే దాన్నే న్యూరోసిస్టిసర్కోసిస్ అంటాం. మన దేశంలో మూర్ఛ తెప్పించే ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. మా ఓపీలో ఫిట్స్‌తో వచ్చిన పిల్లలకు స్కాన్ తీసి, మెదడులో పురుగు తిత్తి ఉందని చెప్పగానే తల్లిదండ్రులు నమ్మరు. తరతరాలుగా శాకాహారులం, మాకెలా వస్తుందని అడుగుతారు. గొర్రె సంగతి గుర్తుచేసుకోండి. ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దెపురుగు. మెదడులో తిత్తి వచ్చేది మాత్రం గుడ్లు మింగటం వల్ల. ఆ గుడ్లు ఉండేది మాంసంలో కాదు, పేగులో బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో. ఆ మనిషి మలవిసర్జన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోకుండా వంట చేస్తే, వడ్డిస్తే, లేదా ఆ మలం కలిసిన నీరు కూరగాయల మళ్లకు పారితే... గుడ్లు ఎవరి కంచంలోకైనా చేరొచ్చు. శాకాహారి, మాంసాహారి అన్న భేదం దానికి లేదు. బద్దెపురుగు ఉన్న వ్యక్తికీ, అదే ఇంట్లో ఉండేవారికీ ముప్పు మరీ ఎక్కువ.

క్యాబేజీ తింటే పురుగు మెదడులోకి ఎక్కుతుందన్న ప్రచారం మీరూ వినే ఉంటారు. ఆ నేరం క్యాబేజీది కాదు. మురుగునీటితో పెరిగి, సరిగా కడగకుండా పచ్చిగా తినే ఏ ఆకుకైనా గుడ్లు అంటుకుని ఉండొచ్చు. బాగా ఉడికిస్తే గుడ్లు చచ్చిపోతాయి. కాబట్టి క్యాబేజీని ఇంట్లోంచి తరిమేయాల్సిన పనిలేదు. పచ్చిగా తినేవాటిని రేకులు విడదీసి, ధారగా పడే మంచినీటితో బాగా కడగండి. చేతులు కడుక్కోవటం అంతకంటే ముఖ్యం.

మిగతా దాయాదులు

బద్దెపురుగుల కుటుంబం ఈ రెండింటితో ఆగదు. మన పిల్లల్లో కనిపించే మరో రకం మరుగుజ్జు బద్దెపురుగు, అంటే హైమెనోలెపిస్ నానా. పొడవు మహా అయితే 4 సెంటీమీటర్లు. దీనికి రెండో ఇల్లు తప్పనిసరి కాదు. మనిషి నుంచి మనిషికి గుడ్ల ద్వారా నేరుగా సోకగలదు.

చేపలతో వచ్చేది ఇంకోటి. మంచినీటి చేపల్ని పచ్చిగా, సగం ఉడికించి తినే చలిదేశాల్లో ఎక్కువ. 10 మీటర్లు దాటి పెరుగుతుంది. మన ఆహారంలోని బి12 విటమిన్‌ను తానే లాగేసుకుని, కొందరిలో రక్తహీనత తెస్తుంది. పులుసులో బాగా ఉడికిన మన చేప ముక్కతో ఆ భయం లేదు.

అన్నింటికంటే బుల్లిది కుక్క పేగుల్లో ఉండే ఎకినోకాకస్. నిలువెల్లా కలిపి కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. కానీ దాని గుడ్లు మనిషి కడుపులోకి వెళితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఏళ్లతరబడి పెరిగే పెద్ద నీటితిత్తి వస్తుంది. దాన్నే హైడాటిడ్ తిత్తి అంటాం. గొర్రెల పెంపకం ఉన్న మన తెలుగు ప్రాంతాల్లోనూ ఇది కనిపిస్తుంటుంది. గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కాలేయాన్ని కుక్కలకు విసిరేయటమే దీనికి ఆజ్యం. ఇదీ కూకెన్‌మైస్టర్ చూపిన రెండిళ్ల చక్రమే.

తగాదాలు, పొరపాట్లు, చివరి రోజులు

కూకెన్‌మైస్టర్ మెతక మనిషి కాదు. సీబోల్డ్‌తోనూ, లూకార్ట్‌తోనూ ఘాటుగా వాదించారు. పురుగుల పుట్టుకపై ప్యారిస్ అకాడమీ పెట్టిన పోటీలో 1853లో బహుమతి బెల్జియం శాస్త్రవేత్త ఫాన్ బెనెడెన్‌కు దక్కింది. అయినా ఆయన పని ఆపలేదు. మానవ పరాన్నజీవులపై 1855లో ఆయన వెలువరించిన పుస్తకం రెండేళ్లకే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది.

ఆయనా పొరపాటు పడ్డారు. పంది కండల్లో ఉండే ట్రైకినా అనే మరో పురుగు పిల్లల్ని కొరడా పురుగు పిల్లలని ఊహించారు. అది తప్పని తేలింది. 1859లో ఆయన డ్రెస్డెన్ నగరానికి మకాం మార్చారు. ఆ మరుసటి ఏడాదే అదే ఊళ్లో జెంకర్ అనే వైద్యుడు, చనిపోయిన పనిమనిషి శరీరంలో ట్రైకినా అసలు రూపం కనిపెట్టారు. బద్దెపురుగు విషయంలో రుజువు చూపి గెలిచిన మనిషి, రుజువు లేని ఊహతో ఇక్కడ ఓడారు.

చివరి రోజుల్లో ఆయన మరో ఉద్యమం చేపట్టారు. శవాల్ని పూడ్చటమే ఆనవాయితీగా ఉన్న జర్మనీలో దహనం ఆరోగ్యకరమని ప్రచారం చేశారు. డ్రెస్డెన్‌లో అందుకోసం అస్థికల పాత్ర అన్న అర్థమొచ్చే పేరుతో ఒక సంఘాన్ని స్థాపించారు. మనకిది తరతరాల అలవాటు గానీ అక్కడ పెద్ద వివాదం. 1890 ఏప్రిల్ 13న డ్రెస్డెన్‌లోనే కన్నుమూశారు.

మీరు చేయాల్సినవి

మాంసం ఏదైనా లోపలిదాకా ఉడకాలి. మధ్యలో గులాబీ రంగు, పచ్చిదనం మిగలకూడదు. కండలో సగ్గుబియ్యంలాంటి తిత్తులు కనిపిస్తే కొనొద్దు.

మలంలో తెల్లటి రిబ్బను ముక్కలు కనిపిస్తే సిగ్గుపడి దాచొద్దు. చేతులకు తగలకుండా ఒక సీసాలో కొద్దిగా నీళ్లు పోసి, అందులో వేసి ఆసుపత్రికి తీసుకురండి. కొమ్మలు లెక్కపెట్టి ఏ జాతో తేల్చొచ్చు. సోలియం అయితే ఇంట్లో అందరికీ పరీక్షలు అవసరమవుతాయి.

బడుల్లో పిల్లలకిచ్చే ఆల్బెండజోల్ మాత్ర ప్రధానంగా ఏలికపాములు, కొంకిపురుగుల వంటి వాటి కోసం. అది తప్పక వేయించండి. కానీ ఆ ఒక్క మాత్రతో బద్దెపురుగు పోతుందని భరోసా లేదు. దానికి ప్రాజిక్వాంటెల్, నిక్లోసమైడ్ వంటి మందుల్ని వైద్యులు బరువును బట్టి ఇస్తారు.

ఫిట్స్ వచ్చినవారు, ఆగని తలనొప్పి ఉన్నవారు సొంతంగా పురుగుల మందు వేసుకోవద్దు. మెదడులోని తిత్తి ఒక్కసారిగా చస్తే దాని చుట్టూ వాపు వచ్చి ప్రమాదం కావొచ్చు. కంట్లో తిత్తి ఉంటే చూపే పోవచ్చు. ముందు స్కాన్, కంటి పరీక్ష, ఆ తర్వాతే మందు. స్కాన్‌లో కనిపించే మచ్చ కొన్నిసార్లు క్షయ గడ్డ కూడా కావొచ్చు. కాబట్టి తేల్చాల్సింది వైద్యులే. ఫిట్స్ మందుల్ని మధ్యలో మానొద్దు.

మెదడులో తిత్తి వల్ల ఫిట్స్ వచ్చిన చాలామంది చికిత్సతో బాగుపడతారు. పిల్లలు బడికి వెళతారు, ఆడపిల్లలకు పెళ్లిళ్లవుతాయి. ఇది శాపమూ కాదు, వంశంలో వచ్చేదీ కాదు. మురికి చేతి నుంచి నోటికి చేరిన ఒక గుడ్డు, అంతే. దాన్ని ఆపటానికి ప్రయోగశాలలు అక్కర్లేదు. మీ ఇంట్లో మరుగుదొడ్డి, దాని పక్కన సబ్బు, వంటింట్లో సరిగా ఉడికే కుండ ఉంటే చాలు.